స్పీకర్ గాలి, యూఎస్‌బీ తీగ

ఎలక్ట్రిక్ గిటార్ సొంతంగా పలికేది చాలా తక్కువ. తీగ కదిలితే దాని కింద ఉన్న పికప్ అయస్కాంతం దగ్గర చిన్న విద్యుత్ తరంగం పుడుతుంది, అంతే. ఆ తరంగానికి ఒక స్వభావాన్ని, బరువును, గరుకుదనాన్ని ఇచ్చేది యాంప్లిఫయర్. అందుకే గిటారిస్టులు యాంప్‌ని శబ్దం పెంచే పెట్టెగా చూడరు. అది వాద్యంలో రెండో సగం. గిటార్‌ని రికార్డు చేయడమంటే ఈ రెండో సగాన్ని రికార్డు చేయడమే.

1951లో మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ స్టూడియోకి 'రాకెట్ 88' పాట కోసం వచ్చిన బృందం యాంప్ దారిలో దెబ్బతింది. స్పీకర్ పొర చెడితే కాగితాలు కుక్కి అలాగే వాయించారు. బరబరమంటూ వచ్చిన ఆ ధ్వనిని ఫిలిప్స్ తీసేయమనలేదు, అట్టే పెట్టాడు. 1964లో లండన్‌లో కింక్స్ బృందం గిటారిస్ట్ డేవ్ డేవిస్ కావాలనే తన చిన్న యాంప్ స్పీకర్‌ని బ్లేడుతో కోశాడు. అలా పుట్టిన గరుకు ధ్వనే 'యూ రియల్లీ గాట్ మీ' పాటకు ప్రాణం. మైకు ముందు నిలిచింది గిటార్ కాదు, చిరిగిన కాగితపు పొర.

ఇంకో రెండేళ్లకు ఎరిక్ క్లాప్టన్ జాన్ మేయాల్ బృందంతో కలిసి లండన్‌లోని డెక్కా స్టూడియోలో వాయించినప్పుడు మార్షల్ యాంప్ వాల్యూమ్ తగ్గించడానికి ఒప్పుకోలేదు. అది మొండితనం కాదు. యాంప్‌లోని వాల్వులు వాటి శక్తి అంచుదాకా వెళ్తేనే స్వరం చిక్కబడి, సాగి, పాడినట్టు నిలుస్తుంది. గట్టిగా వాయించడం అక్కడ ఒక సాంకేతిక అవసరం. ఆ గట్టిదనాన్ని తట్టుకునే పద్ధతులు ఇంజనీర్లు నేర్చుకోవలసి వచ్చింది. 1965లో వచ్చిన షూర్ ఎస్ఎం57 మైకు ఈ పనికి అలవాటైన సాధనంగా స్థిరపడింది. స్పీకర్ మధ్యనున్న బొడిపెకు ఎదురుగా పెడితే ధ్వని పదునుగా వస్తుంది. అంచువైపు జరిపితే మెత్తబడుతుంది. స్పీకర్ ముందున్న గుడ్డకు ఆనించినట్టు పెడితే మంద్రం ఉబ్బుతుంది, వెనక్కి లాగితే గది కూడా వినిపిస్తుంది. ఒక్క అంగుళం జరిపితే ఈక్వలైజర్ మీటలతో రాని తేడా వస్తుంది. ఈ చిన్న కొలతల విద్యే ఈ సంప్రదాయానికి గుండెకాయ అని నా అభిప్రాయం.

అయితే మైకు లేని దారి కూడా కొత్తది కాదు. అరవైల్లోనే డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో గిటార్లను నేరుగా రికార్డింగ్ పరికరాలకు కలిపేవారు. 1968లో బీటిల్స్ 'రెవల్యూషన్' పాటకు గిటార్లను నేరుగా మిక్సింగ్ కన్సోల్‌లోకే పెట్టి, ధ్వని పగిలేదాకా దాని ప్రీయాంప్‌ని నడిపారు. ఈనాటి యూఎస్‌బీ తీగ ఆ దారికి కొనసాగింపే.

బాస్ కటానా, యామహా టీహెచ్ఆర్, ఫెండర్ మస్టాంగ్ వంటి యాంప్‌ల వెనక ఒక యూఎస్‌బీ సాకెట్ ఉంటుంది. దాని వెనుక ఉన్నది ఒక సౌండ్ కార్డు. యాంప్ తన ధ్వనిని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కి పంపుతుంది. ఆ అంకెలను అందుకుని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి అప్పగించేది డ్రైవర్. మ్యాక్‌లో ఈ ఏర్పాటు చాలావరకు వ్యవస్థలోనే ఉంటుంది. విండోస్ మామూలు దారి అన్ని ప్రోగ్రాముల శబ్దాలనూ కలిపి పంపుతుంది కనుక ఆలస్యం ఎక్కువ. 1997లో స్టైన్‌బర్గ్ సంస్థ తెచ్చిన ఏఎస్ఐఓ పద్ధతి ఆ దారిని తప్పించి సాఫ్ట్‌వేర్‌ని పరికరంతో నేరుగా మాట్లాడనిస్తుంది. కనుక ముందుగా యాంప్ తయారీదారు ఇచ్చే డ్రైవర్ వేసుకోవాలి. అలాంటిది లేనప్పుడే ఏఎస్ఐఓ4ఆల్ అనే ఉమ్మడి డ్రైవర్ వైపు చూడాలి.

ఆలస్యం అంటే ఎంత? సెకనుకు 44,100 నమూనాలు తీసుకుంటూ బఫర్‌ని, అంటే ఒక్కో విడతలో పంపే నమూనాల సంఖ్యను, 128 దగ్గర పెడితే, ఒక్కో బఫర్‌కి పట్టేది సుమారు 3 మిల్లీసెకన్లు. గాలిలో ధ్వని ఒక మీటరు నడవడానికీ దాదాపు అంతే పడుతుంది. రానూపోనూ రెండు బఫర్లు, మార్పిడికి ఇంకొంత కలిసినా, మూడు నాలుగు మీటర్ల అవతల యాంప్ పెట్టుకుని వేదిక మీద వాయించినట్టే. బఫర్ 512కి పెంచితే రానూపోనూ 23 మిల్లీసెకన్లు దాటుతుంది. అప్పుడు వేళ్లు తడబడతాయి, లయ వెనక్కి జారుతుంది. బఫర్ మరీ తగ్గిస్తే కంప్యూటర్ అందుకోలేక టకటకమనే చీలికలు వస్తాయి. వాయించేటప్పుడు తక్కువ, మిక్సింగ్ చేసేటప్పుడు ఎక్కువ పెట్టుకోవడం మంచి అలవాటు. ధ్వనిని యాంపే తయారుచేస్తోంది కనుక దాని హెడ్‌ఫోన్ సాకెట్ నుంచే వినండి, సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ ఆపేయండి. రెండూ తెరిచి ఉంచితే ఒకే స్వరం రెండుసార్లు చెవిన పడి బోలుగా వినిపిస్తుంది.

లెవెల్ విషయంలో పాత అలవాటు వదలాలి. వాల్వులో ధ్వని పగిలితే తీపి, అంకెల్లో పగిలితే చేదు. 24 బిట్లలో రికార్డు చేస్తున్నప్పుడు మీటర్ ఎర్రగీతదాకా పోవాల్సిన పని లేదు. గట్టి దెబ్బ కూడా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగితే చాలు. గుయ్‌మనే హోరు వస్తే మన దేశంలో అది ఎక్కువగా 50 హెర్ట్జ్ కరెంటుది. ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి, యాంప్ ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూసుకోండి.

ఈ తీగదారిలో మనం కోల్పోయేది గాలి. గిటార్ యాంప్‌లలో వాడే 12 అంగుళాల స్పీకర్లు దాదాపు 5 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వనిని బాగా తగ్గించేస్తాయి. డిస్టార్షన్‌లోని కీచుదనాన్ని స్పీకరే వడకడుతుందన్నమాట. ఆ వడపోత లేకుండా వింటే తేనెటీగల గుంపు. అందుకే యూఎస్‌బీ యాంప్‌లు స్పీకర్‌నీ మైకునీ కలిపి అనుకరించిన ధ్వనిని పంపుతాయి. ఇంపల్స్ రెస్పాన్స్ ఫైళ్లు చేసేదీ అదే: నిజమైన స్పీకర్ ముందు నిజమైన మైకు పెట్టి పట్టిన ముద్రను మన ట్రాక్ మీద వేస్తాయి. యాంప్ ముందే ఒకటి వేసి పంపితే, దాని మీద ఇంకొకటి వేయకండి. దుప్పటి కప్పినట్టవుతుంది. ఎస్ఎం57 అంచుకు జరిగితే ఏమవుతుందో చెవికి తెలిసినవారే ఈ ఫైళ్లలో సరైనదాన్ని త్వరగా ఎంచుకోగలరు.

అసలైన వాల్వు యాంప్ ఉన్నవారు ఒకటి మరవకూడదు. స్పీకర్ గాని, దాని బదులు భారం మోసే లోడ్ బాక్స్ గాని తగిలించకుండా దాన్ని నడిపితే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. స్పీకర్ సాకెట్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్‌కి ఎప్పుడూ కలపకూడదు.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో రాత్రి పదకొండింటికి క్లాప్టన్ లాగా వాల్యూమ్ పెట్టగలిగేవారెవరు? పక్కింటి పసిపిల్లను లేపకుండా, నిండైన ధ్వనితో ఓ లీడ్ పట్టుకోవడం ఈ తీగ వల్లే సాధ్యమైంది. కొన్ని యాంప్‌లు తయారైన ధ్వనితో పాటు, పికప్ నుంచి వచ్చిన పచ్చి ధ్వనిని కూడా వేరే చానల్లో పంపుతాయి. దాన్ని తర్వాత మళ్లీ యాంప్ గుండా నడిపి కొత్త టోన్ తీసుకోవచ్చు. పచ్చిదాన్ని తప్పక దాచుకోండి. కానీ టోన్ సంగతి తర్వాత చూద్దాంలే అనుకుని మాత్రం వాయించకండి. స్వరం ఎంతసేపు నిలుస్తుందో విన్నాకే వేలు ఎంతసేపు నొక్కాలో తెలుస్తుంది. పలచటి ధ్వని వింటూ వాయించిన వరసకు తర్వాత ఎంత చిక్కటి టోన్ తొడిగినా అందులోని తడబాటు పోదు.

లీడ్ సంగతి అలా ఉంటే, రిథమ్ గిటార్ గోడలా నిలవాలంటే ఎడమకొకటి, కుడికొకటి రెండు ట్రాక్‌లు కావాలి. ఒకే ట్రాక్‌ని కాపీ చేసి రెండు వైపులా పెడితే అవి మళ్లీ ఒక్కటే అయి మధ్యలోనే వినిపిస్తాయి. రెండోది మళ్లీ మొదటి నుంచి వాయించాల్సిందే.