తెర మీద పుస్తకాల బీరువా

గ్రంథాలయంలో మనం వెతుక్కుంటూ వెళ్లిన పుస్తకం కన్నా దాని పక్కనున్నదే ఒక్కోసారి ఎక్కువ పనికొస్తుంది. సెర్చ్ బాక్స్ ఒక్కటే ఉన్న వెబ్‌సైట్లో ఆ అదృష్టం ఉండదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి ఓపెన్ లైబ్రరీ 2020లో మొదలుపెట్టిన లైబ్రరీ ఎక్స్‌ప్లోరర్ దాన్ని పాఠకుడికి తిరిగి ఇచ్చింది.

తెర మీద అరలు, అరల్లో వరుసగా పుస్తకాల అట్టలు, వాటికి వర్గీకరణ చీటీలు. మెల్విల్ డ్యూయీ 1876లో అచ్చువేసిన పద్ధతిలో 500 అంటే విజ్ఞానశాస్త్రం, 800 అంటే సాహిత్యం, అందులో 894.827 దగ్గర తెలుగు సాహిత్యం. గ్రంథాలయంలో ఒక్కసారి తిరిగినవాళ్లకు ఇక్కడ దారి ఎవరూ చూపించక్కర్లేదు.

అసలు నేర్పు బీరువాను ఎంతవరకు అనుకరించాలో తెలియడంలో ఉంది. చెక్క బీరువాలో ఒక ప్రతికి ఒకటే చోటు. ఇక్కడ డ్యూయీ వరుసను చిటికెలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వరుసగా మార్చుకోవచ్చు. పిల్లల పుస్తకాలో, ఒక భాష పుస్తకాలో మాత్రమే కనిపించేలా చేసుకోవచ్చు. బీరువా నుంచి వరుసను తీసుకున్నారు, ఇరుకును వదిలేశారు. పోలికను అలంకారంగా కాక పనిముట్టుగా వాడారు. అందుకే ఈ డిజైనర్లకు పాఠకుల తరఫున ఒక నమస్కారం.