పత్రికా భాషలో ‘బ్లిజర్డ్’ రూపకం: అర్థపరిణామం – ఔచిత్య విచారణ

వ్యాస సంగ్రహం: ఏదైనా ఒక్కసారిగా అధిక సంఖ్యలో వెలువడినప్పుడు ఆంగ్ల పత్రికలు దానిని ‘బ్లిజర్డ్’ (మంచు తుపాను) అనడం పరిపాటి. ఈ రూపకం ఏ ధర్మాన్ని ఆశ్రయించి నిలిచింది, దేనిని మరుగుపరుస్తుంది, తెలుగు వార్తానువాదంలో ఏమవుతుంది అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: రూపకం, లక్షణ, సాధారణ ధర్మం, పత్రికా భాష, అనువాదం.

1. ఉపోద్ఘాతం
2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడిగా రెండవసారి పదవి చేపట్టిన డొనాల్డ్ ట్రంప్ తొలిరోజే 26 కార్యనిర్వాహక ఉత్తర్వులపై సంతకం చేశారు. ఆ పరంపరను వర్ణించడానికి ఆంగ్ల పత్రికలు వాడిన మాటలలో ‘బ్లిజర్డ్’ ఒకటి. వ్యాజ్యాలకు, వాణిజ్య ప్రకటనలకు, కాగితాలకు కూడా ఇదే మాట. ఇంత సులభంగా అన్నింటికీ అతికే రూపకాన్ని అనుమానించవలసి ఉంటుంది.

2. పద చరిత్ర
ఈ పదం ప్రకృతి నుండి పత్రికలోకి వచ్చిందనుకోవడం సహజం. చరిత్ర అందుకు భిన్నం. 1830లలో డేవీ క్రాకెట్ పేరిట వెలువడిన రచనలలో ఇది తుపాకి కాల్పుకు, మాటల దాడికి సంబంధించిన పదం. మంచు తుపాను అనే అర్థంలో దీనిని అచ్చువేసిన తొలి పత్రికలలో అయోవా రాష్ట్రంలోని ఎస్తర్‌విల్‌కు చెందిన ‘నార్తర్న్ విండికేటర్’ (1870) పేర్కొనదగినది. 1888 మార్చిలో న్యూయార్క్‌ను స్తంభింపజేసి, తూర్పు తీరంలో సుమారు 400 మందిని బలిగొన్న తుపానుతో ఆ అర్థం స్థిరపడింది. అంటే దెబ్బను సూచించే మాట వాతావరణానికి రూపకమై, రూఢమై, మళ్లీ మనుషుల చేతలకు రూపకమైంది. ఈ రెండవ ప్రయాణంలో దెబ్బ కొట్టిన చేయి జారిపోయింది.

3. సాధారణ ధర్మం
అమెరికా జాతీయ వాతావరణ విభాగం నిర్వచనం ప్రకారం గాలి వేగం గంటకు 35 మైళ్లకు తగ్గకుండా, ఎగిరే మంచువల్ల దృశ్యత పావు మైలు లోపునకు పడిపోయి, ఆ స్థితి కనీసం 3 గంటలు కొనసాగితే అది బ్లిజర్డ్. ఎంత మంచు కురిసిందన్న ప్రమేయం ఇందులో లేదు. కొత్తగా కురవకపోయినా, నేలపై ఉన్న మంచు లేచి కమ్మితే చాలు. కనుక ఉపమానంలోని ప్రధాన ధర్మం ఆధిక్యం కాదు, దృష్టిరోధం. పత్రికలు మాత్రం ఆధిక్యాన్నే గ్రహించాయి. మమ్మటుని పరిభాషలో చెప్పాలంటే ప్రయోజన లక్షణగా ఉండదగినది రూఢి లక్షణగా మిగిలింది.

4. కర్తృలోపం
తుపానుకు కర్త ఉండడు, జవాబుదారీ ఉండదు. ఉత్తర్వుకు సంతకం, తేదీ, చట్టాధారం ఉంటాయి. అభేదాన్ని ఆరోపించే రూపకం ఈ రెంటినీ ఒకటి చేసినప్పుడు పాఠకుడు ప్రశ్నించే పౌరుడి స్థానం నుండి తలదాచుకునే బాధితుడి స్థానానికి జారుతాడు. ఏ ఉత్తర్వు ఎవరిపై ఏ ప్రభావం చూపుతుందో విడదీసి చెప్పడం పత్రిక పని. ‘బ్లిజర్డ్’ అనడమంటే ఆ పని జరగలేదని తెలియకుండానే ఒప్పుకోవడం.

5. తెలుగు అనువాదం
తెలుగు వార్తలో దీనికి సహజంగా వచ్చే మాట ‘వెల్లువ’. కానీ అభినందనలూ వెల్లువెత్తుతాయి. ఆ మాటలో దృష్టిరోధం లేదు. ‘ఉత్తర్వుల మంచు తుపాను’ అంటే కోస్తా తుపాను ఎరిగిన పాఠకుడికి విధ్వంసం స్ఫురిస్తుందే గాని చూపు మూసుకుపోవడం స్ఫురించదు. ‘కళ్లలో దుమ్ము కొట్టడం’ అనే తెలుగు పలుకుబడిలో దృష్టిరోధమూ ఉంది, కర్తా ఉన్నాడు. అయితే అది వంచనను ఆరోపిస్తుంది. నిరూపణ లేనిదే వార్తలో దానికి చోటు లేదు, సంపాదకీయంలో ఉండవచ్చు. వార్తకు ‘ఒకే రోజు 26 ఉత్తర్వులు’ అన్న నిరలంకార వాక్యమే మేలు.

6. ముగింపు
ఈ రూపకాన్ని పూర్తిగా బహిష్కరించనక్కరలేదు. నిర్ణయాల వేగమే పరిశీలనను అసాధ్యం చేస్తున్నదని నిరూపించే కథనంలో దృష్టిరోధమే విషయం కనుక అక్కడ అది ఉచితం. సంఖ్యకు బదులుగా వాడినప్పుడు మాత్రం అది సమాచారాన్ని తగ్గించి, బాధ్యతను చెరిపివేస్తుంది. అనువాదకుడు పదానికి పదం వెదకడానికి ముందు, మూలంలోని రూపకం దేనిని కనబడనీయడం లేదో గుర్తించాలి.