చెవితో చదివేవారి సిఫారసు

కర్నూలు, కడప సీమలో చూపులేని పాఠకులు ఒకరికొకరు పుస్తకం సూచించుకోవడంలో మెచ్చదగిన నేర్పు ఉంది. 2012 కాపీరైట్ సవరణ వారు చదువుకోగల అందుబాటు ప్రతుల తయారీకి అనుమతినిచ్చింది, 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే గ్రంథాలయం వాటిని ఆన్‌లైన్‌లో ఒకచోట చేర్చింది. ఎంపిక భారం మాత్రం పాఠకులదే. కథ బాగుందనడంతో వారి సిఫారసు ముగియదు. అది డైసీ ప్రతా, అంటే కోరిన అధ్యాయానికి నేరుగా వెళ్లేలా కూర్చిన డిజిటల్ పుస్తకమా, మనిషి చదివిందా, లేక తెరమీది అక్షరాన్ని వినిపించే స్క్రీన్ రీడర్‌కు వదిలిందా, స్కానింగులో ఒత్తులు జారి ‘అన్నం’ ‘అనం’ అయిందా అన్నవన్నీ అందులో చేరతాయి. ఏ పత్రికా సమీక్షకుడికి ఇంత ఓపిక ఉంటుంది? 1996లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కేతు విశ్వనాథరెడ్డి కథల్లోని కడప పలుకుబడిని యంత్రస్వరం చప్పగా పలుకుతుంది కనుక, ఆ యాస ఎరిగినవారు చదివిన ప్రతి దొరికితే దాన్నే ముందు చెబుతారు.