పరిమళానికి కాలక్రమం: యక్షకర్దమం నుంచి మనుచరిత్ర దాకా

వ్యాససంగ్రహం:
ప్రాచీన తెలుగు కావ్యాలలోని సుగంధ వర్ణనలను ద్రవ్యాల పట్టికలుగానో, శబ్దసౌందర్యానికి ఉదాహరణలుగానో బోధించడం పరిపాటి. మేనికి పూసిన గంధం కాలంతో మారుతుందన్న ఎరుకతో వాటిని చదివితే కవుల దృష్టిభేదం స్పష్టమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యక్షకర్దమం, కర్పూరం, కస్తూరి, హరవిలాసం, మనుచరిత్ర.

1. ప్రవేశిక:
కొండవీటి రెడ్డిరాజు కుమారగిరి వసంతోత్సవాలలో కర్పూరాన్ని విరివిగా వాడి ‘కర్పూర వసంతరాయలు’గా ప్రసిద్ధికెక్కాడు. ఆ ఉత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఇతనికే. సి. నారాయణరెడ్డి 1957లో వెలువరించిన గేయకావ్యానికీ ఆ బిరుదే పేరైంది. బిరుదు నిలిచింది. ఉత్సవగంధం మేనిమీద ఎంతసేపు, ఏ తీరున నిలిచేదన్నది వేరే ప్రశ్న.

2. మేనిపూత స్వభావం:
కర్పూరం, అగరు, కస్తూరి, తక్కోలం కలిపిన లేపనాన్ని అమరకోశం యక్షకర్దమం అంటుంది. కోశకారుడు ద్రవ్యాలను చెప్పాడు, వాటి నడకను చెప్పలేదు. ఒంటివేడి తగలగానే ఇవన్నీ ఒకేలా ప్రవర్తించవు. కర్పూరం మామూలు ఉష్ణోగ్రతలోనే ఆవిరవుతుంది. అందుకే చలువతో కూడిన దాని ఘాటు ముందుగా తెలిసి, ముందుగానే తగ్గుతుంది. అగరు చెక్కలోని బంక వాసనను నెమ్మదిగా విడుస్తుంది. కస్తూరి పరిమళానికి ముఖ్యకారణం మస్కోన్. కర్పూరపు అణువులో 10 కార్బన్ పరమాణువులుంటే మస్కోన్ అణువులో 16 ఉంటాయి. బరువైన ఆ అణువు చర్మాన్ని ఆలస్యంగా వదులుతుంది. తనతో కలిసిన తేలికపాటి వాసనలను కూడా కొంతసేపు పట్టి ఉంచుతుంది. కాబట్టి ఉత్సవపు సాయంవేళ పూసుకొన్న యక్షకర్దమం మొదట కర్పూరమై గుబాళించి, రాత్రి గడిచేకొద్దీ అగరు, కస్తూరులుగా మిగులుతుంది.

3. ఇద్దరు కవులు, రెండు దృష్టులు:
హరవిలాస పీఠికలోని ప్రసిద్ధ సీసంలో శ్రీనాథుడు కర్పూరాన్ని పంజార నుంచి, సంకుమదాన్ని గోవ నుంచి, కస్తూరిని భోటదేశం నుంచి తెప్పిస్తాడు. ప్రతి సరకుకూ ఒక దేశం, ఒక ప్రయాణం. ‘తెచ్చి’ అన్న క్రియ మళ్లీ మళ్లీ వస్తుంది. పరిమళం ఇక్కడ ఇంకా మూటలోనే ఉంది. వర్తకుని ప్రతాపమే వర్ణ్యం కనుక అది సముచితమే.

పెద్దన పద్ధతి వేరు. హిమాలయంలో దారి తప్పిన ప్రవరునికి వరూధిని కనిపించకముందే ఆమె తాంబూలపు వాసన గాలిలో చేరుతుంది. ఆ కంద పద్యాన్ని దీర్ఘసమాసానికీ నాదానికీ ఉదాహరణగా చూపడం రివాజు. అర్థాన్ని పట్టి చూస్తే అందులో మూడు వ్యాపారాలున్నాయి: కస్తూరి తోడై కర్పూర తాంబూల గంధాన్ని రెండింతలు చేయడం, ఆ గంధం ఇతర వాసనలను కప్పివేయడం, చివరికి స్త్రీ ఉనికిని తెలపడం. ఇది పట్టిక కాదు, పరిణామం. చంచలమైన కర్పూరానికి స్థిరమైన కస్తూరిని ఊతంగా చూపడంలో సుగంధకారుని అనుభవం ధ్వనిస్తుంది. పద్యంలోనిది తాంబూల గంధమే గాని మేనిపూత కాదన్న ఆక్షేపణ సరైనదే. అయితే ఈ రెండు ద్రవ్యాల పరస్పర సంబంధం రెండుచోట్లా ఒక్కటే.

4. బోధనలో చిక్కు:
నేటి విద్యార్థికి కర్పూరమంటే హారతి కర్పూరం. కస్తూరి మృగం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉంది. సహజ కస్తూరి వాసన ఎరిగినవారు అరుదు. ఈ స్థితిలో ‘ఒక సుగంధద్రవ్యం’ అన్న టీక రెండు పదాలనూ సమానం చేస్తుంది. ఒకటి త్వరగా పోయేది, మరొకటి నిలిచేది అన్న భేదం చెరిగితే కస్తూరి ఎందుకు తోడైందో తెలియదు. పద్యంలో నాదం మాత్రమే మిగులుతుంది.

5. ముగింపు:
* కోశం పరిమళానికి ద్రవ్యాలను, శ్రీనాథుడు దేశాలను, పెద్దన వ్యాపారాన్ని ఇచ్చారు.
* సుగంధ పదాల టీకలో అర్థంతోపాటు ఆ ద్రవ్యం ఎంతసేపు నిలుస్తుందో, దేనితో కలుస్తుందో చేర్చాలి.
* ప్రబంధ వర్ణనలలో దృశ్య, శ్రవ్య సౌందర్యాలకు ఇచ్చిన శ్రద్ధను ఘ్రాణానికీ ఇస్తే, అలంకారమనుకొన్న చోట లోకజ్ఞానం బయటపడుతుంది.