చాలు అనేదెవరు?

బొంతపల్లి రోడ్డు మీది మెస్సుల్లో భోజనం రెండు రకాలు: ప్లేట్ మీల్స్, ఫుల్ మీల్స్. ప్లేట్ అంటే పెట్టిందే తినాలి. ఫుల్ అంటే చెయ్యి అడ్డం పెట్టేదాకా పెడుతూనే ఉంటారు. ధరలో తేడా ఎంతో ఉండదు. కానీ మందుల కంపెనీలో షిఫ్టు దిగి వచ్చిన కుర్రాడెవడూ ప్లేట్ మీల్స్ అడగడం నేను చూడలేదు. బొంతపల్లి అంటే పాతవాళ్లకు వీరభద్రస్వామి గుడి, కొత్తవాళ్లకు ఈ కంపెనీలు. రెండు చోట్లా ఆకలి ఒకటే.

ఎంత తిన్నా ఒకే ధర అనగానే మనకు నగరంలోని బఫేలు గుర్తొస్తాయి. ఆ విద్యకు పుట్టిల్లు మాత్రం ఈ మెస్సులే అంటాను నేను. ఇక్కడ హద్దు లేనివి అన్నం, పప్పు, సాంబారు, చారు. వేపుడు ఒక్కసారే. అప్పడం ఒక్కటే. పెరుగు చిన్న కప్పులో. వడ్డించే కుర్రాడు అన్నం బేసిన్‌ను ఎడమచేత్తో నడుముకు ఆనించుకుని, కుడిచేత హస్తం పట్టుకుని వరస వెంట వస్తాడు. కంచంలో పప్పు ఎంత మిగిలిందో చూసి అన్నం ఎంత వెయ్యాలో తేల్చుకుంటాడు. "అన్నా, ఇంకింత పెట్టాల్నా?" అని అడుగుతూనే పెట్టేస్తాడు. బిహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లనైతే అదే మాట హిందీలో అడుగుతాడు. తినడంలో ఆరితేరినవాళ్లు వేపుడును కంచం అంచుకు జరిపి, మొదటి మారు అన్నమంతా పప్పుతోనే కానిచ్చి, రెండో మారు సాంబారులోకి దాన్ని నంజుకుంటారు. ఒక్కసారే దొరికేదాన్ని చివరి ముద్ద దాకా సాగదీయడమే ఫుల్ మీల్స్‌లో నేర్పు.

దావత్‌ల్లో పద్ధతి వేరు. బగారన్నం ఎవరైనా వడ్డించొచ్చు. మటన్ బకెట్టు మాత్రం ఇంటివాళ్లు నమ్మినవాడి చేతికే ఇస్తారు. ముక్కలెన్ని పడాలి, పులుసెంత పడాలి, ఆఖరి బంతికి ఎన్ని మిగలాలి అన్నది అతనికి తెలిసుండాలి. చివర కూర్చున్న వియ్యాలవారికి బొక్కలే వచ్చాయంటే ఆ మాట వచ్చే పెళ్లి దాకా నడుస్తుంది. తినేవాడికి హద్దు లేదంటారు గానీ, ఆ హద్దు పెట్టేవాడి గరిటెలో ఉంటుంది.

నగరంలో పొయ్యి బల్ల మధ్యకే వచ్చింది. 2006లో మొదలైన బార్బెక్యూ నేషన్ మన దగ్గర ఈ ముచ్చటను బాగా వ్యాపింపజేసింది. బల్లలో నిప్పుల పొయ్యి, దాని పక్కన చిన్న జెండా. జెండా నిలబడి ఉన్నంతసేపూ ఊచలకు గుచ్చిన ముక్కలు వస్తూనే ఉంటాయి. వాలిస్తే ఆగుతాయి. నోరు తెరిచి వద్దనే మొహమాటం లేదు. అయితే ఆ ముక్కలు చాలామటుకు వంటింట్లోనే కాలి వస్తాయి, మన ముందు వేడెక్కుతాయంతే. వంట మనది కాదు.

తినేవాడే వండుకుంటూ, ఎంతైనా తెప్పించుకునే ఏర్పాటు నేను చూసింది టోక్యోలో. నగరానికి తూర్పున ఎదొగావా వార్డులో నిషికసాయి అనే పేట ఉంది. మన దేశం నుంచి వెళ్లిన సాఫ్ట్‌వేర్ వాళ్లు చాలామంది అక్కడే ఉంటారు. మా మేనల్లుడి కాపురమూ అక్కడే. పస్తున్న మామను చూడలేక (అప్పటికి నేను అరటిపళ్ల మీద బతుకుతున్నాను) షాబు షాబు తినిపిస్తానని తీసుకెళ్లాడు.

జపాన్ మా ప్రాంతానికి మరీ దూరపు చుట్టమేం కాదు. రుద్రారంలో ట్రాన్స్‌ఫార్మర్లు చేసే విజయ్ ఎలక్ట్రికల్స్ వ్యాపారాన్ని తోషిబా 2013లో కొన్నది. కందిలో ఐఐటీ ప్రాంగణం కట్టడానికి జపాన్ ప్రభుత్వ సంస్థ జైకా అప్పు ఇచ్చింది. ఇక్కడి నుంచి చదువుకో శిక్షణకో అటు వెళ్లేవాళ్లు ఉంటూనే ఉన్నారు. వాళ్లకు అక్కరకొస్తుందని కొంచెం వివరంగానే చెబుతున్నాను.

ఆ షాబు షాబు హోటల్లో, బల్లలో ఇండక్షన్ పొయ్యి, దాని మీద నడుమ అడ్డుగోడ ఉన్న గిన్నె. ఒక్కో అరలో ఒక్కో రకం నీళ్లు. వాటిలో మనకు తేలికగా నప్పేది కొంబు నీళ్లు. కొంబు అంటే ఎండబెట్టిన వెడల్పాటి సముద్రపు నాచు. దాన్ని చన్నీళ్లలో వేసి సన్నగా కాచి, తెర్లే ముందే తీసేస్తారు. అలాగే మరిగిస్తే జిగురు, చేదు దిగుతాయి. చేపలు తిననివాళ్లు ఈ నీళ్లను గట్టిగా అడిగి తెప్పించుకోవాలి. అక్కడ చాలా పులుసుల్లో ఎండబెట్టి చెక్కిన బొనిటో చేప సారం ఉంటుంది. గొడ్డుమాంసం, పందిమాంసం వద్దనుకుంటే ముందే చెప్పాలి. కోడిమాంసం కూడా పెట్టే హోటలే చూసుకోవాలి.

ఆ కొంబు నీళ్లు చూడటానికి ఉత్త నీళ్లే. వాటి రుచి ఎక్కడిదని వెతుకుతూ 1908లో టోక్యో ఆచార్యుడు కికునాయె ఇకెదా అందులోంచి గ్లుటమేట్‌ను విడదీశాడు. మరుసటి ఏడాదే అది అజినొమోటో పేరుతో అంగళ్లకెక్కింది. మా బొంతపల్లిలో నూడుల్స్ బండివాడు టేస్టింగ్ సాల్ట్ అంటూ పెనంలోకి విదిలించే చిటికెడు తెల్లపొడి చరిత్ర అదీ.

మాంసం నల్లటి పెట్టెల్లో వచ్చింది. రెండు మిల్లీమీటర్ల మందం కూడా ఉండదు, ఎత్తి పట్టుకుంటే అవతలి దీపం కనిపిస్తుంది. పెట్టెలు మోసుకొచ్చింది పిల్లి మొహం ఉన్న రోబో. స్కైలార్క్ కంపెనీ 2021 నుంచి తన హోటళ్లలో వీటిని తిప్పుతోంది. మా మెస్సు కుర్రాడిలా అది కంచంలోకి చూడదు, ఇంకింత పెట్టాల్నా అని అడగదు. పెట్టెలు తీసుకున్నాక వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది. నాకు చిన్నతనం అనిపించింది, ఎందుకో తెలియదు.

నేను ఆత్రంగా నాలుగు ముక్కలు ఒకేసారి వెయ్యబోతే మేనల్లుడు చెయ్యి పట్టుకున్నాడు. "మామా, మెల్లగ. ఒక్కొక్కటే." పలచని పంది ముక్కను పటకారుతో పట్టి, మరిగే నీళ్లలో అటూ ఇటూ ఆడించాలి. ఎర్రదనం పూర్తిగా పోయి తెల్లబడేదాకా ఆగాలి. అక్కడ గొడ్డుమాంసం కొంచెం ఎరుపుండగానే తీసేస్తారు గానీ పంది, కోడి అలా కుదరవు. పచ్చి ముక్కకు తగిలిన చాప్‌స్టిక్స్‌తో తినకూడదు, పచ్చివాటికి వేరే పటకారు ఉంటుంది. నీళ్ల మీద నురగ తేలితే జల్లి గరిటెతో తీసేస్తూ ఉండాలి. ఆకుకూరలు, పుట్టగొడుగులు, టోఫు, నాపా క్యాబేజీ ఒక వరసలో పడాలి. కాడ ముందు, ఆకు తర్వాత. ఉడికినదాన్ని నువ్వుల చట్నీలోనో, పుల్లటి పోంజులోనో ముంచి తినాలి.

ప్రతి గిన్నె దగ్గరా ఒకడు పెత్తనం చేస్తాడు. అది ఇప్పుడు వెయ్యకు, ఇది తియ్యి, మంట తగ్గించు అంటూ. జపాన్ వాళ్లు అలాంటివాణ్ని నబె బుగ్యో అని ఆటపట్టిస్తారు. బుగ్యో అనేది వెనకటి దొరల కాలంలో న్యాయం, పాలన చూసిన అధికారి బిరుదు. మా మేనల్లుడు ఆ కొలువు చక్కగా నిర్వహించాడు. నురగ తీసే పని నాకు ఇచ్చాడు.

ఈ వంటకం అక్కడ పురాతనమేమీ కాదు. తెంము చక్రవర్తి 675లో ఆవు, గుర్రం, కోడి లాంటి వాటి మాంసం తినొద్దని ఆజ్ఞ వేశాడు. మాంసం మీద ఆ సంకోచం శతాబ్దాల పాటు నడిచింది. 1872లో మెయిజీ చక్రవర్తి గొడ్డుమాంసం తిన్నాడన్న వార్త బయటికి రావడంతో గట్టు తెగింది. ఈ గిన్నె మాత్రం చైనా నుంచి వచ్చింది. బీజింగ్‌లో నడుమ పొగగొట్టం ఉన్న రాగి కుండలో గొర్రె మాంసం అలా ఆడించి తింటారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ సైనిక వైద్యుడిగా ఉన్న యొషిదా షోయా యుద్ధం అయ్యాక ఆ పద్ధతిని క్యోటోలో ఒక హోటలువాళ్లకు చెప్పాడు. అక్కడ గొర్రె పోయి గొడ్డు వచ్చింది. 1952లో ఒసాకాలోని సుయెహిరో హోటలు దీనికి షాబు షాబు అని పేరు పెట్టింది. ఎంత తిన్నా ఒకే ధర అనేది మరో దారిన వచ్చింది. టోక్యో ఇంపీరియల్ హోటల్ అధిపతి స్కాండినేవియాలో బల్లనిండా పరిచిన విందు చూసి, 1958లో తన హోటల్లో అలాంటిది తెరిచాడు. ఆ రెండు దారులూ కలిసిన చోట నేను నురగ తీస్తూ కూర్చున్నానన్నమాట.

ఈ ఏర్పాటులో హోటలువాడు నష్టపోడా అని నాకూ అనిపించింది. అరగంటకల్లా అర్థమైంది. ఒక ముక్క ఆడించాలి, ముంచాలి, ఊదుకోవాలి, మింగాలి. ఇంకో ముక్క. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుందంటారు. మా మెస్సులో కంపెనీ బస్సు హారన్ వినిపించేలోపే రెండు మార్లు పెట్టించుకున్నవాడికి ఆ కబురు బస్సెక్కాక గానీ అందదు. ఇక్కడ మూడో పెట్టె ముందుండగానే అందేసింది. పైగా బల్ల దగ్గరి తెర మీద గడియారం ఉంది. గంటన్నరో రెండు గంటలో గడువు, అది తీరడానికి కొంత ముందే ఆఖరి ఆర్డరు. మిగిలిస్తే అదనంగా కట్టించుకునే చోట్లూ ఉన్నాయి. చెయ్యి అడ్డం పెట్టడం, జెండా వాల్చడం అనే మర్యాద ఇక్కడ తెర మీది అంకెకు అప్పగించారు. దాంతో ఎవరి మనసూ నొచ్చుకోదు. నిజమే. కానీ వద్దు వద్దంటుంటే ఒక హస్తం అన్నం కంచంలో పడే సుఖం కూడా లేదు. నాకైతే ఆ బలవంతమే భోజనంలో సగం.

అయినా గిన్నెకు ఒక గొప్ప గుణం ఉంది. బఫేలో నలుగురం నాలుగు దిక్కులకు పోయి, నాలుగు పళ్లేలతో తిరిగొస్తాం. దావత్‌లో పక్కవాడి విస్తరి మనకు పట్టదు. ఈ గిన్నె ముందు మాత్రం నువ్వు వేసిన ముక్కను నేను తినొచ్చు, నేను వేసిన క్యాబేజీ నీ చాప్‌స్టిక్‌కు రావచ్చు. ఒకడు తొందరపడి పచ్చివి గుమ్మరిస్తే నీళ్లు చల్లారి అందరిదీ ఆగిపోతుంది. ఏడాదికోసారి కలిసే మామా అల్లుళ్లకు అంతకంటే కావలసిందేముంది? ఫోన్లో చెప్పని సంగతులు రెండు, నురగ తీస్తున్నప్పుడే వాడి నోట విన్నాను. అవి ఇక్కడ రాయను.

ఇంటికొచ్చాక బొంతపల్లిలో ఆ వంట పెట్టాను. కోడి బ్రెస్టును ఫ్రీజర్‌లో గంటసేపు గట్టిపరిస్తే కత్తికి పలచగా తెగుతుంది. కొంబు లేదు, అల్లం, ఉల్లికాడలు, ఎండు పుట్టగొడుగులు వేసి కాచాను. వేయించిన నువ్వులు మెత్తగా నూరి సోయా సాస్, కాస్త వెనిగర్, చక్కెర కలిపితే ఆ చట్నీకి దగ్గరగానే వచ్చింది. నిమ్మరసం, బత్తాయి రసం కలిపి సోయా సాస్ పోస్తే రెండోది. పాలకూర, క్యాబేజీ, టోఫు బదులు పనీరు. పిల్లలు గిన్నె చుట్టూ మూగారు. అమ్మ రెండు ముక్కలు రుచి చూసి, "గీ ఉడుకు నీళ్లకు గింత లొల్లా?" అని కుర్చీ వెనక్కి జరిపింది.

ఆఖరున ఆ నీళ్లలో అన్నమో నూడుల్సో వేసుకోవడం అక్కడి ఆచారం. అందరి ముక్కల సారమూ అప్పటికి అందులోకి దిగి ఉంటుంది. అన్నం వేసి, గుడ్లు గిలక్కొట్టి పోసి, మూత పెట్టాను. అమ్మ ఒక గరిటె వేయించుకుని, మామిడికాయ తొక్కు కలుపుకుని, ఇంకో గరిటె పెట్టమంది. మూడోది అడిగేలోపు పిల్లలు గిన్నె ఊడ్చేశారు.