ఒంటికాలిపై నిల్చే పక్షి: రెండు సమాధానాల విమర్శ

చెరువుగట్టున ఒంటికాలిపై కదలక మెదలక నిల్చున్న కొంగను చూచి తెలుగువారు ‘కొంగజపం’ అన్న పలుకుబడిని కల్పించుకున్నారు. పైకి తపస్సు, లోపల చేపపై చూపు అని దాని భావం. నీతికథకు ఈ ఊహ చక్కగా సరిపోతుంది. కాని చేపలను మోసగించడానికే పక్షి ఒక కాలు ముడుచుకొంటుందని శాస్త్రపాఠంలో చెప్పితే అది నిలువదు. పక్షులు ఒంటికాలిపై నిల్చేది ఎక్కువగా విశ్రాంతి సమయంలోనే. అంతేకాక, చలికాలంలో పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగోలు, అనగా పత్రికలవారు రాజహంసలని పిలిచే పక్షులు, చేపలను వేటాడవు. తల క్రిందులుగా నీటిలో ముంచి, బురదనీటిని ముక్కుతో వడగట్టి, నాచును, చిన్న చిన్న జలజీవులను తింటాయి. మోసగించవలసిన చేప లేకపోయినా అవి చాలసేపు ఒంటికాలిపైనే నిల్చుంటాయి.

ఈ విషయమై శాస్త్రజ్ఞులు ఇచ్చిన సమాధానాలలో రెండు ముఖ్యమైనవి. రెండును ఫ్లెమింగోలపై జరిపిన పరిశోధనలే. రెండును విలువైనవే. అయితే వాటిని వార్తలుగా అందించినవారు ఒక పొరపాటు చేశారు. పక్షి ఒంటికాలిపై ‘ఎట్లా’ నిలువగలుగుతున్నది అన్నది ఒక ప్రశ్న. ‘ఎందుకు’ నిల్చుంటున్నది అన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి దొరికిన సమాధానాన్ని రెండవదాని క్రింద వ్రాస్తే, ఆ సమాధానం ఎంత సత్యమైనా పాఠం తప్పుతుంది.

మొదటి పరిశోధన మాథ్యూ ఆండర్సన్, సారా విలియమ్స్ అనేవారిది. అమెరికాలోని ఫిలడెల్ఫియా జంతుప్రదర్శనశాలలో కరిబియన్ ఫ్లెమింగోలను పరిశీలించి, ఫలితాలను 2010లో ‘జూ బయాలజీ’ పత్రికలో ప్రకటించారు. ప్రమాదం వచ్చినప్పుడు చప్పున కదలడానికి ఈ భంగిమ తోడ్పడుతుందన్న ఊహను వారు ముందుగా పరీక్షించారు. ఫలితం అందుకు విరుద్ధంగా వచ్చింది. రెండు కాళ్ళపై ఉన్న పక్షి కంటె ఒంటికాలిపై ఉన్న పక్షి ముందుకు కదలడానికే ఎక్కువ సమయం పట్టింది. తరువాత వారు వాతావరణాన్ని గమనించారు. ఎండ పెరిగినకొద్దీ ఒంటికాలిపై విశ్రమించే పక్షుల సంఖ్య తగ్గింది. నేలమీద ఉన్నవాటి కంటె నీటిలో ఉన్నవాటిలో ఈ అలవాటు ఎక్కువగా కనిపించింది. శరీరోష్ణం వృథా కాకుండ కాపాడుకొనడానికే పక్షి కాలు ముడుచుకొంటుందని వారు నిర్ణయించారు.

ఈ నిర్ణయానికి మంచి ఆధారమే ఉన్నది. పక్షి కాళ్ళకు ఈకల కప్పు లేదు. నీరు గాలి కంటె సుమారు 25 రెట్లు ఎక్కువగా ఉష్ణాన్ని ప్రసరింపజేస్తుంది. కాలిలో ధమనులు, సిరలు దగ్గరదగ్గరగా నడుస్తాయి. పాదానికి దిగే వెచ్చని రక్తం తన వేడిని పైకి వచ్చే చల్లని రక్తానికి అందిస్తుంది. ఈ ఏర్పాటువల్ల నష్టం తగ్గుతుంది గాని పూర్తిగా ఆగదు. రెండు కాళ్ళలో ఒకదానిని ఈకలలో దాచుకొంటే బయట మిగిలేది ఒక్కటే.

అయినా ఈ పరిశోధనకు హద్దులు లేకపోలేదు. పరిశీలించినది ఒకే జాతి, ఒకే ప్రదర్శనశాలలోని మంద. ఎండకు, భంగిమకు గల సంబంధాన్ని వారు లెక్కించారే గాని, కాలు ముడుచుకొనడంవల్ల ఎంత వేడి మిగిలినదో కొలువలేదు. రెండు విషయాలు కలిసి పెరుగుట, తరుగుట ఒకటి. వాటిలో ఒకటి రెండవదానికి కారణమగుట మరొకటి. ఈ లోటును 2019లో తీరపక్షులపై వెలువడిన ఒక పరిశీలన కొంతవరకు పూరించింది. చలి హెచ్చినప్పుడు, కాళ్ళు పొడవైన జాతులలో, ఒంటికాలి విశ్రాంతి ఎక్కువగా ఉన్నదని అందులో తేలింది. ఉష్ణవాదం నిజమైతే కనిపించవలసినది ఇదే.

రెండవ పరిశోధన యంగ్-హుయ్ చాంగ్, లీనా టింగ్ అనేవారిది. ఇది 2017లో ‘బయాలజీ లెటర్స్’ పత్రికలో వచ్చింది. దీనిని గ్రహించాలంటే పక్షి కాలి నిర్మాణం తెలియాలి. ఫ్లెమింగో కాలి నడుమ వెనుకకు వంగే కీలు మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన, శరీరానికి చేరువగా, ఈకల మాటున ఉంటుంది. చాంగ్, టింగ్ చనిపోయిన ఫ్లెమింగో కళేబరాన్ని కాలి దిగువ భాగంలో పట్టి నిలబెట్టారు. పాదం శరీరపు నడిమికి వచ్చేటట్లు కాలు లోపలికి వాలినప్పుడు, అనగా ఒంటికాలి భంగిమలో, కళేబరం కూలక నిలిచింది. రెండు కాళ్ళపై ఉన్నప్పటివలె కాలిని నిటారుగా ఉంచగానే ఆ నిలకడ పోయింది. చచ్చిన పక్షిలో కండరం పనిచేయదు గదా! కాబట్టి ఆ భంగిమలో శరీరభారమే పై కీళ్ళను బిగించి నిలుపుతున్నదని తెలుస్తున్నది. బ్రతికి ఉన్న పిల్ల ఫ్లెమింగోలను బలాన్ని కొలిచే పలకపై నిలుపగా, మెలకువగా కదులుతున్నప్పటి కంటె కునుకు తీసేటప్పుడే వాటి శరీరం తక్కువగా ఊగింది.

ఇది చక్కని ప్రయోగం. అయినా దీనినిబట్టి రహస్యమంతా తేలిపోయిందన్న ధోరణిలో వార్తలు వ్రాయడం తగదు. ఒంటికాలిపై నిల్వడానికి కండరబలం అంతగా అవసరం లేదని ఈ ప్రయోగం నిరూపించింది. బ్రతికి ఉన్న పక్షి రెండు కాళ్ళపై ఎంత శక్తి వ్యయపరుస్తుందో, ఒంటికాలిపై ఎంత వ్యయపరుస్తుందో కొలిచి పోల్చలేదు. పరిశోధకులు పెట్టుకొన్న శీర్షిక కూడ పక్షి ‘నిలువగలదు’ అని మాత్రమే అంటున్నది. అదిగాక, శ్రమ తగ్గించుకొనుటే ఏకైక కారణమైతే ఎండలోను చలిలోను ఈ అలవాటు ఒకే విధంగా ఉండవలె. ఫిలడెల్ఫియాలో అట్లా లేదు. ఫ్లెమింగో కీళ్ళలో కనిపించిన ఈ ఏర్పాటు పొట్టికాళ్ళ బాతుకు కూడ ఉన్నదని దీనివల్ల ఋజువు కాదు. బాతు కూడ ఒంటికాలిపై నిల్చే పక్షియే.

కనుక ఈ రెండు సమాధానాలను పోటీదారులుగా భావించనవసరం లేదు. భంగిమకు అయ్యే ఖర్చు స్వల్పమని ఒకటి చెప్పుతున్నది. దానివల్ల వచ్చే లాభాన్ని రెండవది చూపుతున్నది. ఖర్చు స్వల్పం గనుకనే కొద్దిపాటి లాభానికైనా ఆ అలవాటు నిలువగలదు. వెచ్చని ప్రదేశాలలో సైతం పక్షులు అప్పుడప్పుడు ఒంటికాలిపై కనిపించడం ఈ దృష్టితో చూస్తే అంత వింతగా తోచదు.

ఉపాధ్యాయులకు ఇందులో మంచి పాఠ్యసామగ్రి ఉన్నది. ఊరి చెరువుకు వచ్చే కొంగలను, బాతులను విద్యార్థులు లెక్కించవచ్చు. తెల్లవారుజామున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి లెక్కించి పోల్చితే చాలదు. ఆ రెండు వేళలకు ఎండలోనే గాక మేతలోను, జనసంచారంలోను భేదం ఉంటుంది. చలిరోజున, వేడిరోజున ఒకే వేళకు వెళ్ళవలె. మేసే పక్షులను వదలి, విశ్రమించేవాటినే లెక్కించవలె. నీటిలో ఉన్నవి, గట్టున ఉన్నవి వేరు వేరుగా వ్రాసుకోవలె. గట్టుమీద నీడలో థర్మామీటరు ఉంచి ఉష్ణోగ్రతను గుర్తించవలె. ఇట్లా ఒక సంవత్సరం లెక్కలు ప్రోగైతే, ‘వేడి కోసం’ అన్న రెండు మాటల జవాబుకు మార్కులు వేసే ముందు, ఆ మాటకు తమ చెరువులో ఆధారం ఎంతవరకు ఉన్నదో తరగతి మొత్తం స్వయంగా తేల్చుకోగలదు.