పరభాషాబోధనమున పౌరహక్కుల చరిత్ర: కర్తృలోప విచారము

పరభాషను నేర్చుకొను బాలురకు చరిత్రను బోధించుట కష్టసాధ్యము. వారికి తెలిసిన మాటలు కొలది వందలు. చెప్పవలసిన విషయమో ఒక జాతి యనుభవించిన అవమానము, అది సాధించుకొన్న ఆత్మగౌరవము. అందుచే పాఠకర్తలు కథను సరళము చేయుదురు. సరళము చేయుట దోషము కాదు. ఆ పనిలో ఏది తొలగిపోయినదని చూచుట విమర్శకుని విధి. అమెరికా పౌరహక్కుల ఉద్యమమున సుప్రసిద్ధమైన మాంట్‌గోమరీ బస్సుల కథను ఉదాహరణముగా గైకొని ఈ విషయమును పరిశీలింతము.

ఆంగ్లమును నేర్చు పిల్లలకు ఈ కథను తఱచుగా భూతకాలక్రియల అభ్యాసమునకై చెప్పుచుందురు. రోసా పార్క్స్ అను కుట్టుపనికత్తె పని ముగించుకొని బస్సెక్కినది, అలసియుండుటచే తెల్లవానికి చోటీయలేదు, ఆమెను బంధించిరి, ప్రజలు బస్సులెక్కుట మానిరి, చట్టము మారినది. ఇంతియే కథ. ఒక తరగతిలో ఈ పాఠమును వినుట మాకు తటస్థించినది. పాఠము ముగియగనే ఒక బాలిక లేచి, "ఆమె అలసిపోకపోతే లేచేదాండీ?" అని తెలుగున అడిగినది. ఆ ప్రశ్నను ఆంగ్లమున అడుగుమని ఉపాధ్యాయుడు చెప్పెను. బాలిక మాటలాడక కూర్చుండెను. మేమును ఆనాడు నోరు మెదపమైతిమి. ఈ వ్యాసము ఆ మౌనమునకు ప్రాయశ్చిత్తము.

బాలిక ప్రశ్నకు చరిత్రలో స్పష్టమైన సమాధానము కలదు. 1955 డిసెంబరు 1వ తేదీనాటికి పార్క్స్‌కు 42 ఏండ్లు. నల్లజాతివారి హక్కులకై పాటుపడు జాతీయ సంఘపు స్థానిక శాఖలో ఆమె 1943లోనే చేరి కార్యదర్శి యయ్యెను. 1955 వేసవిలో టెనెస్సీలోని హైలాండర్ పాఠశాలలో జరిగిన శిక్షణకు హాజరయ్యెను. నాటి సాయంకాలమున తన శరీరము ఎన్నటికంటె ఎక్కువ అలసియుండలేదనియు, లొంగి లొంగి విసిగితిననియు 1992లో వెలువడిన స్వీయచరిత్రలో ఆమెయే తెలిపినది. అదే యేడు మార్చి 2వ తేదీన క్లాడెట్ కోల్విన్ అను 15 ఏండ్ల బాలికయు ఇట్లే లేవ నిరాకరించి నిర్బంధింపబడెను. పార్క్స్ నిర్బంధవార్త వినిన రాత్రియే జో ఆన్ రాబిన్సన్ వేలకొలది కరపత్రములను అచ్చొత్తించెను. ఆమె కళాశాలలో ఆంగ్లోపాధ్యాయిని యగుట మన ప్రస్తావమున గమనింపదగినది. బస్సుల బహిష్కారము 381 దినములు సాగెను. నలుగురు స్త్రీలు వేసిన వ్యాజ్యమున 1956 నవంబరు 13వ తేదీన సుప్రీంకోర్టు ఆ వివక్షను చెల్లనిదిగా స్థిరపఱచెను. ఆ నలుగురిలో కోల్విన్ కలదు, పార్క్స్ లేదు.

ఇప్పుడు వాచకకథను మరల చూడుడు. "చట్టము మారినది" అను వాక్యమున వ్యాకరణదోషము లేదు. కాని మార్చినవారు లేరు. "బస్సులలో వేఱువేఱు చోట్లుండెను" అన్నపుడు ఆ నియమమును చేసినవారు లేరు. అన్యాయము చేసిన కర్తయు, దాని నెదిరించిన కర్తయు ఒక్కమాఱే లోపించిరి; మిగిలినది అలసట. ఆంగ్లమున మారుటకును మార్చుటకును ఒక్కటే క్రియారూపము. తెలుగున 'మారు', 'మార్చు' అని రెండు కలవు. ఈ భేదము నెఱిగిన మన బాలునకు ఆంగ్లవాక్యమున కర్తను వెదకుట నేర్పుట సులభము.

పిల్లలకు ఇంత వివరము భారమగునని కొందఱందురు. "ఆమె అలసెను" అను వాక్యముకంటె "నలుగురు స్త్రీలు కోర్టుకు వెళ్లిరి" అను వాక్యము కఠినమైనదా? పదసంఖ్యను తగ్గింపవచ్చును, మనుష్యులను తగ్గింపరాదు.

మఱియొక విశేషము. 'బహిష్కారము' అను మాట మనవారికి రెండర్థములలో పరిచితము. స్వదేశోద్యమమున విదేశవస్త్రములను బహిష్కరించితిమి. అది బలహీనుల ఆయుధము. గ్రామములలో దళితులను వెలివేయుటయు బహిష్కారమే. అది బలవంతుల ఆయుధము. చుండూరులో 1991 ఆగస్టు 6నాటి హత్యాకాండకు ముందు జరిగినది ఈ రెండవది. ఎవరు ఎవరిని బహిష్కరించిరని చెప్పనిచో మాంట్‌గోమరీ కథ మన పల్లెలోని బాలునకు తలక్రిందుగా అర్థమగు ప్రమాదము కలదు. చెప్పినచో, దూరదేశపు కథ అతనికి తన వాడలోని కథ యగును. ఇచ్చటను ఆధారము కర్తయే.

కావున ఇట్టి పాఠమున ప్రశ్నను మాతృభాషలో అడుగనిండని మా మనవి. పరభాషలో మాట దొరకనంత మాత్రమున ఆలోచన లేదనుకొనుట న్యాయము కాదు. నాటి బాలికకు మేము చెప్పవలసిన సమాధానము చిన్నది: అలసియుండకున్నను ఆమె లేచెడిది కాదు. ఈ వాక్యమునకు పెద్ద పదము లక్కఱలేదు.